రెండు పడవల డాక్టరమ్మ

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఆస్పత్రిలో ఇంకెక్కడా వినపడదు. ఎదురుపడితే ‘డాక్టరమ్మ’ అంటారు, వెనక్కి తిరిగితే ‘రెండు పడవల డాక్టరమ్మ’ అంటారు. ఈ రెండో పేరు సూపరింటెండెంటుగారి చలవ. “రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళు చివరికి ఎక్కడ తేలతారో మనందరికీ తెలిసిందేగా” అని ఒక మీటింగులో ఆయన నవ్వుతూ అన్నారు. ఆయన కోపంగా అన్న మాటలు సాయంత్రానికి అందరూ మర్చిపోతారు, నవ్వుతూ అన్నవి మాత్రం ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఆ మాట ఆమె చెవిన పడనే పడింది. “పడవ నడపడం రానివాళ్ళ సంగతి నాకు తెలీదు మరి” అని తనూ నవ్వేసింది. అంత ధీమా మనిషి. ఆ ధీమాకి ఒకసారి గట్టి దెబ్బే తగిలింది. తగిలాక ఆమె ఏం చేసిందో చెబుదామనే ఇదంతా.

ఆ పడవలేమిటో ముందు చెప్పాలి. మొదటిది ఓపీ. మానసిక వైద్య విభాగంలో రెండో నంబరు గది ఆమెది. పొద్దున ఎనిమిదిన్నరకి కూర్చుంటే ఒంటిగంటన్నరకి లేస్తుంది. ఈలోగా యాభై అరవై మంది. నిద్ర రానివాళ్ళు, నిద్ర తప్ప ఇంకేదీ వద్దనేవాళ్ళు, గోడలు తమతో మాట్లాడుతున్నాయనేవాళ్ళు, ఏమీ అనకుండా గోడ వంకే చూస్తూ కూర్చునేవాళ్ళు. రెండోది పరిశోధన. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఆమెకి ఇదే పని. మేడమెట్ల కింద విరిగిన మంచాలు పడేసే గదిలో సగం ఖాళీ చేయించుకుని, అక్కడ ఒక బల్ల వేయించుకుంది. బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద ఏదో మందుల కంపెనీ పంచిపెట్టిన నోటుపుస్తకాన్ని మడిచి పెట్టింది. ఆ కంపెనీవల్ల తనకి జరిగిన మేలు అదొక్కటేనని అందరికీ చెబుతుంది.

చదువుకునే రోజుల్లోనే ఆమెకి ఈ రెండో పడవ పిచ్చి పట్టుకుంది. అప్పట్లో వార్డులో ఒకావిడ ఏడాదిలో నాలుగుసార్లు చేరింది. నాలుగుసార్లూ కేసు షీటులో ఒకటే వాక్యం: ‘మందులు మానేసింది.’ ఎందుకు మానేసిందని అడిగితే సీనియర్లు పెదవి విరిచి, “వాళ్ళంతేనమ్మా” అన్నారు. ఆ మాటంటే ఆమెకి ఒళ్ళు మంట. అలా మానేసేవాళ్ళు ఎంతమంది? ఎన్నాళ్ళకి మానేస్తారు? ఎందుకు? గదిలో కూర్చుని చూస్తే మనుషులు ఒక్కొక్కరే కనపడతారు, లెక్క కనపడదు. లెక్కలు ముందేసుకుని కూర్చుంటే మనుషులు కనపడరు. రెండూ ఒకరే చూడాలని అప్పుడే తీర్మానించుకుంది. ఇరవై ఏళ్ళయింది, ఆ తీర్మానం మీద నుంచి ఒక్క అంగుళం జరగలేదు. ఉద్యోగాలు మాత్రం మూడు మారాయి.

ఈ ఏడాది సూపరింటెండెంటుగారు సంగతి తేల్చేద్దామన్నారు. ఓపీ ముందు వరస మెట్ల దాకా వస్తోంది. మంగళ, గురువారాల మధ్యాహ్నాలు కూడా ఆమె ఓపీలోనే కూర్చుంటే ఆ వరస తగ్గుతుంది. “మీ పరిశోధనవల్ల ఈ ఆస్పత్రికి ఏం ఒరిగిందో సమీక్షలో చూపించండి. చూపించలేకపోతే ఆ రెండు మధ్యాహ్నాలూ నాకిచ్చెయ్యండి” అన్నారు. సమీక్షకి ఆరు వారాల గడువు. “ఆరెందుకండీ, నాలుగు చాలు” అనబోయి, ఎందుకైనా మంచిదని ఊరుకుంది.

పరిశోధన దేనిమీదంటే, ఆ పాత ప్రశ్న మీదే. జబ్బు తగ్గాక కూడా కనీసం ఏడాది పాటు మందులు వాడాలి, నెలకోసారి వచ్చి కనపడాలి. చాలామంది మధ్యలోనే మాయమవుతారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు? విభాగంలో ఉన్న మూడు గదుల నుంచీ రెండేళ్ళ ఓపీ కార్డులన్నీ ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ అనుమతితో తీయించింది. వాటిని కంప్యూటరులో ఎక్కించి లెక్క తేల్చేది ఒక కాలేజీ లెక్చరరు. గణాంకశాస్త్రం చెబుతుంది, గురువారాలు ఇక్కడికి వస్తుంది. ఎవరైనా ‘దాదాపు సగం’ అంటే చాలు, “సగమా, నలభై ఎనిమిది పాయింట్ రెండా?” అని అడుగుతుంది. అందుకని ఆమెని అందరూ దశాంశంగారు అంటారు. ఆమెకీ ఆ పేరు నచ్చింది.

ఒక గురువారం దశాంశంగారు కార్డుల కట్ట విప్పుతూ, “మీ గది కార్డుల మీద ఈ ఆకుపచ్చ రాతేమిటండీ?” అని అడిగింది.

అది డాక్టరమ్మ ముద్దుగా పెంచుకున్న అలవాటు. పేషెంటు పూర్తిగా కోలుకున్న రోజున ఆమె కుర్చీలోంచి లేచి నిలబడుతుంది. చెయ్యి కలుపుతుంది. ఆస్పత్రిలో ఉండే కార్డు మీదా, పేషెంటు దగ్గరుండే కార్డు మీదా ఆకుపచ్చ సిరాతో పెద్ద అక్షరాల్లో ‘శభాష్’ అని రాస్తుంది. ఆ పెన్నూ ఆ మాటా వాళ్ళ నాన్నవి. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లెక్క సరిగా చేస్తే పుస్తకంలో అలాగే రాసేవారు. ఎర్ర సిరా తప్పులకి, ఆకుపచ్చ మెప్పుకి. శభాష్ అందుకున్న పేషెంట్లు కొందరు అక్కడికక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. అది చూసి డాక్టరమ్మకి ఆ పూటంతా భోజనం లేకపోయినా ఆకలి తెలిసేది కాదు.

“అది కూడా ఎక్కించండి. ఆకుపచ్చ కార్డులవాళ్ళే మానకుండా వస్తుంటారు, చూడండి. పందెం” అంది డాక్టరమ్మ.

“ఏం పందెం?”

“మీరు గెలిస్తే నెల రోజులు మీ టీ నాది.”

తరువాతి గురువారం దశాంశంగారు వచ్చి, కాగితాలు బల్ల మీద పరిచి, సంచీ కూడా దించకుండా, “టీ చెప్పండి” అంది.

ఒకటో నంబరు గది డాక్టరుగారికి ‘ముభావం’ అని పేరు. కార్డులోంచి తలెత్తి పేషెంటు మొహం చూడటం ఆయనకి ఇష్టం లేని పని. పలకరింపు లేదు, నవ్వు లేదు, అడగాల్సినవి మాత్రం ఒక్కటి కూడా వదలకుండా అడిగి మందులు రాస్తాడు. ఆయన గదిలో బాగుపడ్డ ప్రతి వందమందిలో ఏడాది తరువాత కూడా వస్తున్నవాళ్ళు డెబ్భై ఒక్కరు. మూడో గదిలో అరవై ఎనిమిది. డాక్టరమ్మ గదిలో నలభై ఎనిమిది. అక్కడితో ఆగలేదు. జబ్బు తిరగబెడితే ముభావంగారి పేషెంట్లు మూడు వారాల్లో ఆయన దగ్గరికి వస్తున్నారు. ఆమె పేషెంట్లకి పదకొండు వారాలు పడుతోంది. అప్పుడు కూడా వాళ్ళంతట వాళ్ళు రావడం లేదు, ఎవరో రెక్క పట్టుకుని తీసుకొస్తున్నారు.

“నా దగ్గరికి వచ్చేవి ముదిరిన కేసులు” అంది డాక్టరమ్మ.

“తీవ్రత కూడా కలిపే చూశాను. తేడా అలాగే ఉంది.”

“దూరం నుంచి వస్తారు.”

“అదీ చూశాను.” దశాంశంగారు ఇంకో కాగితం జరిపింది. “పోయినేడాది వరసగా రెండు నెలలు మీ కార్డుల మీద ఆకుపచ్చ రాత లేదు. ఎందుకు?”

సిరా దొరకలేదు. సిరా లేని శభాష్ ఏం బాగుంటుందని ఆ రెండు నెలలూ ఆమె లేచి నిలబడటం కూడా మానేసింది.

“ఆ రెండు నెలల్లో బాగుపడ్డవాళ్ళు తక్కువే, ముప్ఫై తొమ్మిది మంది. దీన్నిబట్టి తీర్పు చెప్పను. కానీ వాళ్ళు మాత్రం ముభావంగారి పేషెంట్లలాగే వస్తున్నారు” అంది దశాంశంగారు, టీ తాగుతూ.

గురివింద గింజ సామెత ఆమె ఎంతమందికి చెప్పి ఉంటుందో! ఆ రోజు ఆ సామెత సొంతానికి పనికొచ్చింది. ఎవరి మీదైనా ఉక్రోషం వెళ్ళగక్కుదామంటే ఎవరూ లేరు. లెక్క తనే వేయించింది, పందెం తనే కాసింది.

కానీ ఆమె అక్కడితో ఆగే మనిషి కాదు. లెక్క ‘ఏమిటి’ అన్నది చెప్పింది, ‘ఎందుకు’ అన్నది చెప్పలేదు. అది చెప్పించడం తన పని, ఓపీలో రోజూ చేసే పని. మర్నాడు మధ్యాహ్నం ఫోను పట్టుకుని, మాయమైన ఆకుపచ్చ కార్డులవాళ్ళలో పదిహేను మందికి చేసింది. ఎత్తినవాళ్ళందరిదీ ఒకటే మాట: “బాగానే ఉన్నామండీ.” అడగకముందే కొందరు చెప్పేశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. బాగున్నవాళ్ళ గొంతు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. వీటిలో చాలా గొంతులు అలా లేవు. మాటకీ మాటకీ మధ్య ఆ వ్యవధి, వాక్యం చివర నీరసంగా జారిపోయే ఆ తీరు, ఆమె రోజూ వినేవే.

వాళ్ళలో ఒకాయన ఫోను ఎత్తలేదు. ఆయన టైలరు, దుకాణం ఆస్పత్రికి రెండు వీధుల అవతల. మూడేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు కత్తెర ఎత్తలేకపోయేవాడు. గుడ్డ మీద సుద్ద పెట్టి గంటల తరబడి అలాగే నిలబడిపోయేవాడని భార్య చెప్పింది. తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. డాక్టరమ్మ లేచి నిలబడి చెయ్యి కలిపినప్పుడు ఆయన తన చేతిని చొక్కాకి తుడుచుకుని మరీ కలిపాడు. ఆ కార్డుకి ప్లాస్టిక్ తొడుగు వేయించి దుకాణంలో అద్దం పక్కన మేకుకి తగిలించుకున్నాడు, ఓపీకి వచ్చేటప్పుడు మాత్రం తీసి తెచ్చేవాడు. ఆయన వచ్చి అయిదు నెలలయింది.

శనివారం ఓపీ అయ్యాక డాక్టరమ్మ తన తెల్లకోటు పట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళింది. పెన్ను పెట్టే జేబు కుట్టు ఊడింది, సాకు దొరికింది. గల్లా దగ్గర టైలరు భార్య బొత్తాలు రంగుల వారీగా డబ్బాల్లో సర్దుతోంది.

“ఆయన లేరండీ. పనిమీద పొరుగూరు వెళ్ళారు” అంది, అడగకుండానే.

కుట్టుమిషను చక్రం ఇంకా తిరుగుతోంది. బల్ల మీద కళ్ళజోడు ఉంది. వెనక గదికి వేసిన కర్టెను నేలకి జానెడు ఎత్తులో ఆగిపోయింది, దాని కింద రెండు పాదాలు కనపడుతున్నాయి. అద్దం పక్కన మేకు ఉంది, కార్డు లేదు.

డాక్టరమ్మ ఇవన్నీ చూసింది, చూడనట్టు కోటు ఇచ్చేసి బయటికొచ్చింది. వీధి మలుపు తిరిగేదాకా గంభీరంగానే నడిచింది. ఆ తరువాత కాళ్ళు ఆగిపోయాయి. నన్ను చూసి దాక్కోవడమేమిటి? నేనేమన్నా పులినా? చాలా బాధ కలిగింది. ఇరవై ఏళ్ళలో పేషెంట్లు ఆమెని తిట్టారు, ఒకసారి ఒకాయన కుర్చీ ఎత్తాడు, కానీ ఇలా ఎవరూ కర్టెను వెనక్కి పోలేదు.

సోమవారం టీ వేళకి ముభావంగారి దగ్గరికి వెళ్ళి నిలబడింది. అది ఆమెకి ఎంత కష్టమైన పనో ఆయనకి తెలీదు.

“మీకు పొడుగు తగ్గించాల్సిన ప్యాంటేదైనా ఉందా?”

“లేదు.”

“ఉందనుకోండి.”

సంగతి చెబితే విన్నాడు. సాయంత్రం నిజంగానే ఒక ప్యాంటు చంకలో పెట్టుకుని వెళ్ళాడు. ఆయన్ని చూసి ఎవరూ దాక్కోరు. దాక్కునేంత చనువు ఆయనతో ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున ఓపీ మొదలవకముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“నాలుగు నెలలైంది తిరగబెట్టి. నిద్ర లేదు. ఆకలి లేదు. మందులు అయిపోయాయి. కొత్త చీటీ కావాలంటే మీ దగ్గరికి రావాలి.”

“రావచ్చుగా!”

“మీరు లేచి నిలబడ్డారట.”

“అయితే?”

ముభావంగారు జేబులోంచి చిన్న కాగితం తీశాడు. విన్నది విన్నట్టు రాసుకొచ్చాడు. చదివాడు. “‘అంత పెద్ద డాక్టరమ్మ నాకోసం లేచి నిలబడింది సార్. మా ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ నన్ను చూసి అంత సంతోషపడలేదు. మళ్ళీ ఈ మొహం పట్టుకుని ఆమె ముందుకి ఎలా వెళ్ళను?’”

డాక్టరమ్మ నోటికి ముందుగా వచ్చింది డాక్టరు అడగాల్సిన ప్రశ్నే. “ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలేమైనా...”

“అడిగాను. లేవు. ఏం కనిపెట్టుకుని ఉండాలో భార్యకి చెప్పాను. నా నంబరిచ్చాను. నా గదికి రమ్మంటే రానన్నాడు. మీ గది దాటి రావాలిగా.” కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గర్వంతో కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు అన్నాడు: “నన్ను చూసి ఎవరూ సిగ్గుపడరు. నేనెవర్నీ మెచ్చుకోను కదా.”

ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టిందో లేదో మనకి అనవసరం. పొద్దున్నే బాల్కనీలోకి వెళ్ళింది. డెబ్భై ఎనిమిదేళ్ళ నాన్న అక్కడ కుర్చీలో కూర్చుని రోజూలాగే పేపర్లో అచ్చుతప్పులు దిద్దుతున్నారు. తప్పులకి ఎర్ర పెన్ను. ఆకుపచ్చ పెన్ను కూడా పక్కనే ఉంటుంది కానీ, పేపరువాళ్ళు ఆయనకి దాన్ని తీసే అవకాశం ఇంతవరకూ ఇవ్వలేదు.

“నాన్నా, ఆరో తరగతిలో ఒకసారి నాకు లెక్కల్లో పదిహేడు వచ్చాయి. నీకు చెప్పలేదు.”

“తెలుసు” అన్నారు ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

“ఎలా తెలుసు? ఆ కాగితం నేను దాచేశాను!”

“పరుపు కింద. మన ఇంట్లో పరుపులు దులిపేది ఎవరనుకున్నావే?”

ముప్ఫై ఆరేళ్ళ రహస్యం! ఆ కాగితం మీద పడుకుని, అది వీపుకి గుచ్చుకుంటున్నట్టే రెండు నెలలు గడిపింది. పుస్తకం నిండా శభాష్‌లే ఉన్న పిల్ల పదిహేడు మార్కులు ఏ మొహంతో తీసుకెళ్ళి చూపిస్తుంది?

“మరి తెలిసి కూడా ఎందుకడగలేదు?”

ఆయన పెన్నుకి మూత పెట్టారు. “నువ్వే తెచ్చి చూపిస్తావని చూశానమ్మా. సాయంత్రం పూట నువ్వు చదువుకునే చోటే కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. మళ్ళీ పరీక్షలు వచ్చేదాకా చూశాను. నువ్వు తేలేదు.” పేపరు మడిచి పక్కన పెట్టారు. “తప్పు నాదే. అన్ని శభాష్‌లు రాసినవాణ్ణి, తప్పయితే కూడా పట్టుకురా అని ఒక్కచోట రాసి ఉండాల్సింది.”

డాక్టరమ్మకి నాన్న మీద జాలేసింది, తనమీద జాలేసింది, అన్నిటికన్నా ఎక్కువగా ఆ కర్టెను కింది పాదాల మీద జాలేసింది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ దుకాణానికి వెళ్ళింది.

“కోటు ఇంకా అవలేదండీ. ఆయన ఊరినుంచి రాలేదు” అంది టైలరు భార్య. కర్టెను కింద పాదాలు ఉన్నాయి.

“పరవాలేదమ్మా. కాస్త కూర్చోనా?” అని స్టూలు లాక్కుని కూర్చుంది. “మీ ఆయన వచ్చాక ఒక మాట చెప్పు. నాకు చిన్నప్పుడు లెక్కల్లో పదిహేడు మార్కులొచ్చాయి.”

“అయ్యో” అంది ఆవిడ, ఏమనాలో తెలీక.

“మా నాన్న కోప్పడతాడని కాదు దాచింది. మెచ్చుకునేవాడు, అందుకు దాచాను.” కర్టెనుకి కూడా వినపడేలా గొంతు కొంచెం పెంచింది. “మీ ఆయనకొచ్చిన జబ్బు తిరగబెట్టే రకం. ఆ సంగతి ఆ రోజే గట్టిగా చెప్పాల్సిందాన్ని, చెప్పకుండా సంబరపడి చేతులు కలిపాను. పొరపాటు నాది, ఆయనది కాదు. నాకు మొహం చాటెయ్యాల్సిన పని లేదని చెప్పు. నేనే ఆయనకి మొహం చూపించలేక ఉన్నాను. అంతే. కోటుకి తొందర లేదు.”

బొత్తాలు సర్దుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ పైటకొంగుతో ముక్కు తుడుచుకుంది. పాదాలు కొంచెం వెనక్కి జరిగాయి. కర్టెను మాత్రం తొలగలేదు.

సమీక్ష ముందురోజు దశాంశంగారు ఒక మాట చెప్పింది. “మూడు గదులూ కలిపి ఒకే అంకె చూపించవచ్చు. ఆస్పత్రి మొత్తం మీద అరవై రెండు పాయింట్ మూడు శాతం. అబద్ధమేమీ కాదు. మీ మధ్యాహ్నాలు మీకుంటాయి.”

ఆశ పుట్టలేదంటే అది అబద్ధం. ఆ బల్ల, ఆ పొట్టి కాలు, ఆ విరిగిన మంచాల గది పోతాయంటే మాటలా? “వద్దండీ, విడివిడిగానే పెట్టండి. నా గది అంకె అన్నిటికన్నా పైన” అంది.

సూపరింటెండెంటుగారి గదిలో అద్దం పరిచిన పొడవాటి బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. డాక్టరమ్మ పావుగంటలో అంతా చెప్పింది. అంకెలు చెప్పింది, ఆకుపచ్చ సిరా చెప్పింది, సిరా దొరకని రెండు నెలల సంగతి చెప్పింది. ఎవరి పేరూ ఎత్తకుండా కర్టెను సంగతి కూడా చెప్పింది.

“అంటే మీ గదే అన్నిటికన్నా వెనకబడిందని మీరే అంటున్నారు” అన్నారు సూపరింటెండెంటుగారు.

“అవునండీ.”

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఓపీ ఇలా పెట్టుకుని మీకు పరిశోధన ఎందుకు? నేను మొదట్నుంచీ చెబుతున్నదే ఇది. రెండు పడవలూ...”

“ఆ రెండో పడవ లేకపోతే, మొదటి దానికి చిల్లు పడిందని ఎవరికీ తెలిసేది కాదు సార్” అంది ఆమె. గొంతు పెంచలేదు. “రెండేళ్ళుగా నీళ్ళు వస్తున్నాయి. నేను పైన కూర్చుని శభాష్‌లు రాస్తున్నాను. మంగళ, గురువారాలు కూడా ఓపీలోనే కూర్చుని ఉంటే ఇంకో వందమందికి రాసి ఉండేదాన్ని. లెక్క చూడకపోతే చిల్లు ఉందని తెలియదు. మనుషుల్ని చూడకపోతే అది ఎక్కడుందో తెలియదు. నాకు రెండూ కావాలి.”

అప్పుడు ముభావంగారు గొంతు సవరించుకున్నాడు. “ఈ లెక్క చూపిస్తే తనకే నష్టమని ఆమెకి తెలుసు. అయినా చూపించింది. నేనైతే చూపించేవాణ్ణి కాదు.” ఆయన మీటింగులో వరసగా మూడు వాక్యాలు మాట్లాడటం ఆ ఆస్పత్రి చరిత్రలో అదే మొదలని పక్కనున్నవాళ్ళు తరువాత చెప్పుకున్నారు.

సూపరింటెండెంటుగారు కాగితం ఇంకోసారి చూశారు. “ఇలా తిరగబెట్టి ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు?”

“మాయమైనవాళ్ళ జాబితాలో నలభై మూడు మంది గురించి మాకు అనుమానం.”

“నెల రోజులు. వాళ్ళని వెనక్కి తెచ్చి చూపించండి. రాకపోతే మధ్యాహ్నాలు నావి.”

ఈసారి ఫోన్లు డాక్టరమ్మ చెయ్యలేదు, ముభావంగారు చేశాడు. మంగళ, గురువారాల్లో విరిగిన మంచాల గదికి వచ్చి, ఆ పొట్టికాలు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరికే చేసేవాడు. “తిరగబెట్టిందా? రండి. డాక్టరమ్మ ఏమీ అనదు. ఉంటాను.” అంతే. తేనె పూసిన మాట ఒక్కటి లేదు, అయినా ఎదుటివాళ్ళు నిజం చెప్పేసేవారు. ఓపీలో డాక్టరమ్మ కూడా పద్ధతి మార్చింది. ఎవరైనా కోలుకున్న రోజున కుర్చీలోంచి లేవడం లేదు. పక్కన కూర్చోబెట్టుకుని, “ఇది మళ్ళీ రావచ్చు. వస్తే అది మీ తప్పు కాదు. నాకు ముందుగా తెలియాలి” అని చెప్పి, కార్డు మీద ఆకుపచ్చగా ‘తిరగబెడితే మర్నాడే రండి’ అని రాయడం మొదలుపెట్టింది.

నెలాఖరుకి నలభై మూడు మందిలో ఇరవై తొమ్మిది మంది వచ్చారు. అరవై ఏడు పాయింట్ నాలుగు శాతం అని దశాంశంగారు సరిచేసింది. మధ్యాహ్నాలు నిలిచాయి. సూపరింటెండెంటుగారు బల్లకి కొత్త కాలు కూడా వేయిస్తానన్నారు, ఆమె వద్దంది. కానీ ఆ ఇరవై తొమ్మిది మందిలో మొదటి మనిషి వచ్చిన రోజు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు.

సమీక్ష అయిన ఎనిమిదో రోజు. అప్పటిదాకా ఒక్కరు కూడా రాలేదు. పదకొండు గంటల వేళ తలుపు తెరుచుకుంది. టైలరు. గడ్డం మాసి ఉంది, చొక్కా గుండీ ఒకటి తప్పుగా పెట్టుకున్నాడు. ఊరందరి కొలతలూ సరిచూసే మనిషి! చేతిలో ఇస్త్రీ చేసి మడిచిన తెల్లకోటు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, తలదించుకుని, “జేబుకి రెండు కుట్లు వేశానండీ” అన్నాడు.

కోటు జేబులో ఏదో ఉంది. తీసి చూసింది. ప్లాస్టిక్ తొడుగులో ఆయన కార్డు, దానిమీద రెండేళ్ళ నాటి శభాష్.

“ఇది మీకిచ్చేద్దామని” అన్నాడు ఆయన. “ఇంక నా దగ్గర ఉండకూడదు కదండీ.”

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. చెయ్యి చాచింది. ఆయన అర్థం కానట్టు చూసి, అలవాటుగా చేతిని చొక్కాకి తుడుచుకుని కలిపాడు. ఆమె కార్డుని తొడుగులోంచి తీసి, పాత శభాష్ కింద ఆ రోజు తారీఖు వేసి, ఆకుపచ్చ సిరాతో మళ్ళీ శభాష్ అని రాసింది.

“ఇవాళెందుకండీ?” అన్నాడు టైలరు. “ఇవాళ నేనేం బాగాలేను కదా.”

“అందుకే. బాగాలేనప్పుడు రావడమే కష్టం” అంది ఆమె. కార్డు ఆయన చేతికిచ్చి, కుర్చీ చూపించి, తనూ కూర్చుంది. “చెప్పండి. నిద్ర ఎన్ని గంటలు పడుతోంది?”

“బాగానే...” అనబోయి ఆగాడు. కార్డు వంక చూసుకున్నాడు.

“రెండు గంటలండీ” అన్నాడు. “అదీ తెల్లారుజామున.”